భాషానిలయానికి ఊపిరి పోసిన కొమర్రాజు

హైదరాబాదు సుల్తాన్ బజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పేరు వినని సాహిత్యాభిమాని ఉండరు. తెలంగాణలో ఆధునిక గ్రంథాలయోద్యమానికి నాంది పలికిన సంస్థ ఇది. దీని స్థాపనకు నడుం కట్టినవారిలో ముఖ్యులు కొమర్రాజు వెంకట లక్ష్మణరావు పంతులుగారు.

లక్ష్మణరావుగారు 1877 మే 18న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో జన్మించారు. పసితనంలోనే తండ్రిని కోల్పోయిన ఆయన అక్క భండారు అచ్చమాంబ, బావ మాధవరావుగార్ల అండన నాగపూరులో చదువుకున్నారు. బడికి వెళ్లే అవకాశం లేని అచ్చమాంబ తమ్ముని పుస్తకాల తోడుతోనే చదువు నేర్చి, రచయిత్రిగా పేరు పొందారు. మరాఠీ ప్రాంతంలో పెరిగిన లక్ష్మణరావుగారు ఆ భాషలో చరిత్ర పరిశోధన ఎంత ముందుకు సాగిందో కళ్లారా చూశారు. తెలుగులో అటువంటి కృషి లేదన్న వెలితి ఆయనను జీవితాంతం వెంటాడింది.

1900లో ఎం.ఏ. పూర్తి చేసిన ఆయన, మునగాల రాజా నాయని వెంకట రంగారావుగారి వద్ద దివానుగా చేరారు. మునగాల పరగణా చుట్టూ నిజాం రాజ్యమే ఉన్నా, పాలన మాత్రం బ్రిటిష్ కృష్ణా జిల్లా కింద సాగేది. ఈ కొలువే ఆయనను హైదరాబాదుకు దగ్గర చేసింది.

ఆనాడు నిజాం రాజ్యంలో కచేరీలలోనూ, బడులలోనూ ఉర్దూదే పైచేయి. ప్రజలలో అధిక సంఖ్యాకులు తెలుగువారైనా, రాజధానిలో తెలుగు పుస్తకం చదువుకునేందుకు పదిమందికీ అందుబాటులో చోటు లేదు. ఈ లోటు తీర్చేందుకు 1901 సెప్టెంబరు 1న, రెసిడెన్సీ బజారులో రావిచెట్టు రంగారావుగారి ఇంట భాషానిలయం ప్రారంభమైంది. ఆ పేట అప్పట్లో బ్రిటిష్ రెసిడెంటు అధికార పరిధిలో ఉండేది. 1933లో తిరిగి నిజాం ప్రభుత్వానికి దఖలు పడిన తర్వాతనే దానికి సుల్తాన్ బజారు అన్న పేరు స్థిరపడింది. ఆ నాటికి లక్ష్మణరావుగారి వయస్సు 24 ఏళ్లు మాత్రమే. మునగాల రాజావారు, రంగారావుగారు ఆయనకు కుడి ఎడమ భుజాలుగా నిలిచారు.

పుస్తకాలు చేరాయి, పాఠకులు చేరారు. సొంత గూడు మాత్రం రెండు దశాబ్దాలకు గాని సమకూరలేదు. ఈలోగా 1910లో రంగారావుగారు చిన్న వయస్సులోనే కన్నుమూశారు. భర్త ఆశయాన్ని మరువని లక్ష్మీనరసమ్మగారు భవనం కోసం విరాళమిచ్చి ఆదుకున్నారు. చివరకు 1921లో నిలయం సొంత భవనంలో అడుగుపెట్టింది. అదే ఏడాది నవంబరులో, నగరంలో జరిగిన సంఘ సంస్కరణ సభలో తెలుగులో మాట్లాడబోయిన ఆలంపల్లి వెంకటరామారావుగారిని సభికులు ఎగతాళి చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. తెలుగువారికి నగరంలో తమదంటూ ఒక కప్పు ఎంత అవసరమో ఈ ఒక్క ఘటనే చెబుతుంది.

గ్రంథాలయం పెట్టినంత మాత్రాన చాలదనీ, అందులో ఉంచదగిన పుస్తకాలు కూడా కావాలనీ లక్ష్మణరావుగారు గుర్తించారు. 1906లో హైదరాబాదులోనే విజ్ఞాన చంద్రికా మండలిని నెలకొల్పి చరిత్ర, విజ్ఞానశాస్త్ర గ్రంథాలు తెలుగులో వెలువరించారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాం లింకను చరిత్ర మండలి తొలి ప్రచురణ. 1908లో మండలి మద్రాసుకు తరలింది. అక్కడే ఆయన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్నారు. మూడు సంపుటాలు వెలువడినా అకారాది విషయాలైనా పూర్తి కాలేదు. శ్రమకు ఆరోగ్యం లొంగిపోయింది. 1923 జూలైలో, 46 ఏళ్ల వయస్సులో మద్రాసులో ఆయన పరమపదించారు. నిలయం సొంత ఇంట అడుగుపెట్టి అప్పటికి రెండేళ్లే.

ఆయన స్మృత్యర్థం హైదరాబాదులోని చరిత్ర పరిశోధక సంఘం లక్ష్మణరాయ పరిశోధక మండలిగా పేరు మార్చుకుని, తెలంగాణ శాసనాలను వెలికితీసి ప్రకటించింది. సర్వస్వం అసంపూర్ణంగా మిగిలినా, భాషానిలయం 2001లో నూరేళ్లు నిండించుకుంది. ఒక ఇంటి గదిలో పుట్టిన ఆ సంస్థను పాఠకులతో కళకళలాడేలా చూడడమే దాని స్థాపకులకు నగరవాసులు చెల్లించగల నిజమైన నివాళి.