కెనడా పటానికి కన్నులిచ్చిన డేవిడ్ థాంప్సన్

భూగోళశాస్త్ర తరగతిలో కెనడా పటాన్ని మనం ఒక్క చూపు చూచి పుట త్రిప్పివేస్తాము. దాదాపు కోటి చదరపు కిలోమీటర్ల ఆ మహాదేశంలో చిత్తడి తీరాలు, అనాది శిలాపీఠం, అంతులేని మైదానాలు, మంచుకొండలు వేర్వేరు మండలాలుగా అమరి ఉన్నవి. వాటిని కాలినడకను, పడవపైనను దాటి, కొలిచి, కాగితంపై కెక్కించిన వారిలో అగ్రగణ్యుడు డేవిడ్ థాంప్సన్. ఆయన జీవితాన్ని విద్యార్థి మిత్రుల ముందుంచుతున్నాము.

థాంప్సన్ 1770 ఏప్రిల్ 30న లండనులోని వెస్ట్‌మినిస్టరులో ఒక బీద వేల్సు కుటుంబంలో జన్మించాడు. పసితనంలోనే తండ్రి గతించాడు. గ్రే కోట్ అనే ధర్మపాఠశాలలో గణితము, నౌకాయాన విద్య నేర్చుకొన్నాడు. 1784లో, పదునాలుగవ యేట, ఉన్ని తోళ్ల వర్తకం చేసే హడ్సన్ బే కంపెనీలో పని నేర్చుకొనే కుఱ్ఱవాడుగా చర్చిల్ రేవులో దిగాడు. మరల జన్మభూమిని చూడలేదు.

హడ్సన్ అఖాతపు తీరం సమతలమైన బురదనేల. పూర్వపు మంచుఫలకం బరువు తొలగినందున ఆ నేల నేటికీ మెల్లమెల్లగా పైకి లేస్తూనే ఉన్నది. అచ్చటి నుండి ఆయన పడమటి మైదానాలకు పోయాడు. 1788 డిసెంబరులో కాలు విరిగి మంచం పట్టాడు. కోలుకొనే రోజులలో, కంబర్లాండ్ హౌస్‌లో ఫిలిప్ టర్నర్ వద్ద నక్షత్రాలను బట్టి అక్షాంశ రేఖాంశాలను గణించే విద్య అభ్యసించాడు. ఆ కాలంలోనే కుడికంటి చూపు పోయింది. అయినను విద్య ఆగలేదు.

1797లో ఆయన నార్త్ వెస్ట్ కంపెనీలో చేరాడు. దేశంలో దాదాపు సగం ఆక్రమించిన కెనడియన్ షీల్డులో, ప్రాచీన శిలలను మంచునదులు గీకివేసిన పల్లాలలో, లెక్కలేనన్ని సరస్సులున్నవి. ఆ జలమార్గాలలో పడవలు నడిపాడు. 1799లో క్రీ జాతి స్త్రీ కుమార్తెయైన షార్లెట్ స్మాల్‌ను వివాహమాడాడు. ఆమె ఎన్నో యాత్రలలో బిడ్డలతో వెంట నడిచినది. ఆదివాసులు ఆయనను నక్షత్రాలు చూచేవాడని పిలిచారు. వారు దారి చూపకున్న ఆ పటమే లేదని మనం మరువరాదు.

1811 జనవరిలో, ఘోరమైన చలిలో, అథబాస్కా కనుమ గుండా రాకీ పర్వతాలను దాటాడు. దేవదారు పలకలను వేళ్లతో కుట్టి పడవ చేయించుకొని, ఆ జూలైలో కొలంబియా నది ముఖద్వారం చేరాడు. అప్పటికే అమెరికా వర్తకులు అచ్చట కోట కట్టుకొన్నారు.

1812లో సెయింట్ లారెన్స్ మైదానానికి చేరి, 1814 నాటికి మహాపటాన్ని ముగించాడు. అది ఫోర్ట్ విలియం భోజనశాల గోడనెక్కింది. లండను పటకర్తలు ఆయన కొలతలను వాడుకొన్నారు గాని పేరు చెప్పలేదు. కొన్నాళ్లు సరిహద్దు సర్వే కొలువు లభించినను, వార్ధక్యంలో అప్పులపాలై, కొలత పరికరాలను అమ్ముకొని, తొడుగుకొనే కోటును సైతం తాకట్టు పెట్టాడు. స్వీయచరిత్ర వ్రాయబూనగా రెండవ కన్ను సైతం మసకబారింది. 1857 ఫిబ్రవరి 10న మరణించాడు. మూడు మాసాలకే షార్లెట్ కన్ను మూసినది. సమాధిపై పేరైనను లేదు.

దరిమిలా, భూగర్భ శాస్త్రజ్ఞుడు జె.బి. టిరెల్ తన సర్వేలలో పాత పటాల సూక్ష్మతకు అబ్బురపడి, వాటి కర్తను వెదకి, 1916లో ఆ స్వీయచరిత్రను అచ్చు వేయించాడు. అటు పిమ్మట సమాధికి స్మారకశిల వెలిసింది.

ధర్మపాఠశాలలో నేర్చిన గణితం ఒక బీద బాలునికి మహాదేశాన్ని చూపినది. ఆ దేశం మాత్రం ఆయనకు ముదిమిలో పిడికెడు అన్నం చూపలేదు. ఉపకార వేతనాలపై చదివే మన విద్యార్థులకు మొదటి మాట ధైర్యం కావాలి. రెండవ మాట, విద్వాంసులను ఆదరించవలసిన పెద్దలందరికీ, మాతో సహా, హెచ్చరిక కావాలి.