మోక్షగుండం విశ్వేశ్వరయ్య

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన హైదరాబాదు నగరమునకు గొప్ప విపత్తు సంభవించెను. ఎడతెగక కురిసిన కుంభవృష్టికి మూసీనది పొంగి, ఒడ్డులు దాటి వీథులలో ప్రవహించెను. అఫ్జల్‌గంజు వంతెన కొట్టుకొనిపోయెను. వేలకొలది ఇండ్లు నేలమట్టమయ్యెను. సుమారు 15,000 మంది ప్రాణములు కోల్పోయిరని అంచనా. నదీతీరపు తోటలోని ఒక చింతచెట్టు నెక్కి దాదాపు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ వృక్షము ఉస్మానియా వైద్యశాల ఆవరణములో నిలిచి, నాటి దుర్దినమును జ్ఞప్తికి తెచ్చుచున్నది.

మూసీ పొంగుట అదియే మొదలు కాదు. అంతకుముందును పలుమారులు నగరమును ముంచెను. వరద తీసిన పిదప ప్రజలు మరల ఇండ్లు కట్టుకొనుచుండిరి. కొన్నేండ్లకు ఆ భయమును మరచుచుండిరి. ఈమారు నిజాము ప్రభువగు మీర్ మహబూబ్ అలీఖాను ప్రభుత్వము శాశ్వతమైన ఉపాయమును కోరి, ఒక ప్రసిద్ధ ఇంజనీరును ఆహ్వానించెను. ఆయనయే మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

విశ్వేశ్వరయ్య పూర్వికులు గిద్దలూరు ప్రాంతమందలి మోక్షగుండం గ్రామమువారు. ఆయన మాత్రము కర్ణాటక దేశమందలి ముద్దెనహళ్లిలో జన్మించెను. బాల్యముననే తండ్రి మరణించుటచే పేదరికము ననుభవించెను. పిల్లలకు పాఠములు చెప్పుచు బెంగుళూరులో చదువుకొనెను. పిదప పూనాలో ఇంజనీరింగు విద్య ముగించి, 1884లో బొంబాయి ప్రభుత్వపు కొలువులో చేరెను. సింధునదీ తీరమందలి సుక్కూరు పట్టణమున త్రాగునీరు బురదమయమై యుండెను. ఆయన నదీగర్భమున బావి త్రవ్వించి, ఇసుకపొరలగుండ వడిసివచ్చు తేటనీటిని పట్టణమునకు అందించెను. నీటి స్వభావము నెరిగి పనిచేయుట ఆయనకు తొలినుండియు అలవాటు.

1909వ సంవత్సరము ఏప్రిలులో ఆయన హైదరాబాదు పనికి పూనుకొనెను. నగరములో నదికి ఇరువైపుల గోడలు కట్టినచో చాలునని ఆయన తృప్తిపడలేదు. కష్టము నగరములో కనబడినను, దాని మూలము ఎగువనున్నదని గ్రహించెను. వర్షపాతపు లెక్కలను తెప్పించి పరిశీలించెను. నది నీరు పట్టు ప్రదేశమునందలి చెరువులను లెక్కింపజేసెను. అందు 788 చెరువులుండగా, ఆ వానకు 221 చెరువులు తెగినట్లు తేలెను. అవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు తెగినచో ఆ నీరు క్రింది చెరువుపై పడును; అదియు తెగును. ఇట్లు ఒక్కొక్కటిగా తెగి, నీరంతయు ఒక్కుమ్మడి నగరముపై విరుచుకొనిపడెను. చక్కగా నున్నంతకాలము నేలను తడిపి పంటలు పండించిన చెరువులే, కట్టలు తెగినప్పుడు మృత్యుకారణములయ్యెను.

అందుచే నగరమునకు ఎగువన మూసీ, ఈసీ నదులపై రెండు జలాశయములు నిర్మింపవలెనని ఆయన సూచించెను. వరదనీటిని అందు నిలిపి మెల్లమెల్లగా విడిచినచో నగరమునకు ముప్పు తప్పును. నగరములో నది ఒడ్డులను ఎత్తుచేసి, వాటిపై విశాలమైన బాటలు ఏర్పరుపవలెనని కూడ సలహా యిచ్చెను. మురుగునీరు వీథులలో నిలిచి రోగములు కలిగించుచుండుట చూచి, దానిని భూగర్భమున గొట్టముల ద్వారా నగరము వెలుపలికి తరలించు పథకమును సిద్ధపరచెను. ఆ యేడే మైసూరు సంస్థానమున ప్రధాన ఇంజనీరుగా చేరుటకై హైదరాబాదు విడిచెను.

ఆయన వెళ్లినను ఆ ఆలోచన నిలిచెను. గండిపేట వద్ద ఉస్మాన్‌సాగరు 1920లోను, ఈసీనదిపై హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియయ్యెను. వరదల నాపుటకు పుట్టిన ఆ జలాశయములే నగరవాసుల దాహమును కూడ తీర్చెను. 1922లో విశ్వేశ్వరయ్య మరల వచ్చి, మురుగునీటి కాలువల నిర్మాణమునకు సలహా లొసగెను. భూమిలో దాగియుండు ఆ గొట్టములను ఎవ్వరును చూచి మెచ్చుకొనరు. అయినను నగరపు ఆరోగ్యము వాటిపైననే ఆధారపడియుండునని ఆయన నమ్మకము.

విశ్వేశ్వరయ్య 1912 నుండి 1918 వరకు మైసూరు దివానుగా పనిచేసెను. 1955లో భారతరత్న బిరుదము నందెను. 1962వ సంవత్సరము ఏప్రిలులో, నూరేండ్లు దాటిన పిదప స్వర్గస్థుడయ్యెను. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 15వ తేదీని దేశమంతట ఇంజనీర్ల దినముగా జరుపుకొందురు.

2020వ సంవత్సరము అక్టోబరులో కురిసిన భారీవర్షములకు హైదరాబాదులో పెక్కు కాలనీలు మరల నీట మునిగెను. చెరువును పూడ్చి ఇల్లు కట్టినచోట, కాలువలో చెత్త నింపినచోట నీరు తన పాతదారిని వెదకుకొనును. ఇంజనీరు ఎంత గొప్పవాడైనను ఆనకట్టను మాత్రమే కట్టగలడు. తన వీథిలోని కాలువను చెత్తతో నింపకుండుట, తన ఊరి చెరువును చెరువుగా నిలుపుట పౌరుల పని. వారు ఆ పని మానినచో ఆయన పడిన శ్రమ వ్యర్థమగును.