జీలం లోయలో పూలు లెక్కపెట్టిన పాదుషా

మన తెలుగు ఇళ్లలో సలీం అనగానే చాలామందికి గుర్తొచ్చేది అనార్కలి సినిమాయే. 1955లో వచ్చిన ఆ సినిమాలో సలీంగా అక్కినేని నాగేశ్వరరావు, అనార్కలిగా అంజలీదేవి నటించారు. ఆ పాటలు ఇప్పటికీ ఎక్కడో ఒకచోట వినిపిస్తూనే ఉంటాయి. అయితే ఆ ప్రేమకథ గురించి సలీం తన ఆత్మకథలో ఒక్క ముక్క కూడా రాయలేదు. ఆ పుస్తకం నిండా కనిపించే ప్రేమ వేరే ఉంది. కొండలు, వాగులు, పక్షులు, పండ్లు, అన్నిటికీ మించి పూలు. హిందుస్తాన్‌ను 22 ఏళ్లు ఏలిన ఆ సలీమే జహంగీర్ పాదుషా. ఒక వసంతంలో ఆయన జీలం నది లోయకు వెళ్లి అక్కడ పూసిన పూలన్నిటినీ చూసి, రాసి, బొమ్మలు వేయించాడు. ఆయన జీవితంలో ఆ వసంతం కథ మిగతా కథలంత ప్రచారంలోకి రాలేదు.

దువాతో పుట్టిన బిడ్డ

అక్బర్ పాదుషాకు పుట్టిన పిల్లలు పసితనంలోనే చనిపోతుండేవారు. సంతానం నిలవాలని ఆయన సిక్రీలో ఉండే హజ్రత్ షేక్ సలీం చిష్తీ దగ్గరకు వెళ్లి దువా చేయించుకున్నాడు. 1569 ఆగస్టు చివర్లో, హిజ్రీ 977లో, సిక్రీలోనే కొడుకు పుట్టాడు. షేక్ గారి పేరే బిడ్డకు పెట్టారు. ఆ పేరు పెట్టి పిలవడం అదబు కాదని అక్బర్ కొడుకుని ఎప్పుడూ షేఖూ బాబా అనేవాడట.

అంత అపురూపంగా పెరిగినా జహంగీర్ జీవితం సాఫీగా ఏమీ సాగలేదు. 18 ఏళ్ల వయసులో మొదలైన మద్యం రోజుకు 20 గిన్నెల దాకా పోయింది. చేతులు వణికి, గిన్నె పట్టుకోలేక పక్కవాళ్లు తాగించాల్సి వచ్చేది. హకీం గట్టిగా హెచ్చరించాక మెల్లమెల్లగా తగ్గించాడు కానీ పూర్తిగా మానలేదు. పైగా నల్లమందు తోడైంది. ఇవన్నీ ఎవరో శత్రువులు రాసినవి కావు, ఆయనే దాచకుండా రాసుకున్నాడు. తమ్ముళ్లు మురాద్, దానియాల్ ఇద్దరినీ ఆ తాగుడే బలి తీసుకుంది.

తండ్రి మీద తిరగబడి అలహాబాద్‌లో సొంత దర్బారు పెట్టాడు. 1605లో తండ్రి మరణించాక గద్దెనెక్కాడు. ఆరు నెలలు తిరగకుండానే సొంత కొడుకు ఖుస్రూ తన మీదే తిరుగుబాటు చేశాడు. ఆ కొడుకు చూపు పోగొట్టించాడు. ఖుస్రూకు సాయపడ్డారన్న ఆరోపణ మీద సిక్కుల గురువు అర్జున్ దేవ్ గారికి మరణశిక్ష వేశాడు. చరిత్రలో ఈ మచ్చలు ఉన్నాయి, వాటిని చెరిపేయలేం. కొడుకు కళ్లు తీయించిన మనిషీ, కొండ మీద చిన్న పువ్వు దగ్గర ఆగి దాని రంగు సరిగ్గా ఏమిటో తేల్చుకునే మనిషీ ఒక్కరేనంటే ఆశ్చర్యంగానే ఉంటుంది.

చూసిందే రాసేవాడు

జహంగీర్‌కు ఒక అలవాటు ఉండేది. ఏదైనా వింత చెప్తే వెంటనే నమ్మేవాడు కాదు. తెప్పించి, చూసి, తూచి, కొలిచి అప్పుడు రాసేవాడు. గుజరాత్‌లో ఉన్నప్పుడు తాను పెంచుకున్న సారస కొంగల జంటకు లైలా, మజ్నూ అని పేర్లు పెట్టాడు. అవి గుడ్లు పెట్టడం, వంతులవారీగా పొదగడం, పిల్లలు బయటికి రావడం అన్నీ రోజులవారీగా గమనించి రాశాడు. రాజ్యం పనుల్లో ఉన్న పాదుషా కొంగల గూడు దగ్గర కాపలా పెట్టి వివరాలు తెప్పించుకోవడం మామూలు విషయం కాదు.

మాటలతో చెప్తే చాలదని చిత్రకారులను కూడా వెంట తిప్పుకునేవాడు. వాళ్లలో జంతువులు, పక్షులు, పూలు వేయడంలో ఉస్తాద్ మన్సూర్‌కు సాటి లేదు. ఆయనకు నాదిరుల్ అస్ర్ అనే బిరుదు ఇచ్చాడు. అంటే ఆ కాలంలోనే అరుదైనవాడని అర్థం.

ఈ మక్కువ కుటుంబంలోనే ఉంది. జహంగీర్ ముత్తాత బాబర్ కాబూల్ చుట్టుపక్కల కొండల మీద అడవి తులిప్ పూలను, ఫార్సీలో లాలా అంటారే, వాటిని లెక్కపెట్టించాడు. 32 లేదా 33 రకాలు తేలాయి. జహంగీర్ ఆ పని మీదకు ఒక లోయనంతా తీసుకున్నాడు.

మంచు కరగకముందే ప్రయాణం

అక్బర్ 1586లో కశ్మీర్‌ను గెలిచాడు. యువరాజుగా ఉన్నప్పుడే జహంగీర్ తండ్రితో కలిసి ఆ లోయ చూశాడు. పాదుషా అయ్యాక మాత్రం వసంతంలోనే చూడాలన్న కోరిక పట్టుకుంది. 1620లో, హిజ్రీ 1029లో, ఆయన 50 ఏళ్లు దాటిన మనిషి. వేసవి దాకా ఆగితే దారులు తేలిక. కానీ అప్పటికి లోయలో పూలు రాలిపోతాయి. దగ్గరి దారి పీర్ పంజాల్ కొండల మీదుగా ఉంది కానీ అది ఇంకా మంచుతో మూసుకుపోయి ఉంది. అందుకే హసన్ అబ్దాల్, పఖ్లీ మీదుగా చుట్టు తిరిగి, జీలం నది వెంబడి బారాముల్లా వైపు బయలుదేరాడు.

అది సుఖమైన ప్రయాణం కాదు. ఒక కనుమ దగ్గర వాన, మంచు ఒక్కసారిగా కురవడంతో పాదుషా, జనానా అందరూ ముందుగా వచ్చి దిగిన ముతమద్ ఖాన్ అనే అధికారి గుడారాల్లో తలదాచుకోవాల్సి వచ్చింది. మీర్జా రుస్తుం కొడుకు సుహ్రాబ్ ఖాన్ అనే యువకుడు జీలంలోకి ఈతకు దిగాడు. వద్దని చెప్పినా వినలేదు. మంచు నీళ్ల వరద అతన్ని మింగేసింది. వసంతంలో ఆ లోయను నింపేది కూడా ఆ నీళ్లే. పైన మంచు కరిగితేనే కింద పూలు.

ఆ దారిలోనే జహంగీర్ పూలు రాయడం మొదలుపెట్టాడు. ఒకచోట కొండవాలు మీద చెట్టు నిండా ఎర్రటి పూలు. ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ గుత్తులుగా పూసి, దూరం నుంచి చూస్తే అంతా ఒకే పెద్ద పువ్వులా కనిపించింది. ఆ కొండ అడుగున అడవి బనఫ్షా పూలు విరివిగా ఉన్నాయి. యునానీ మందుల్లో వాడే బనఫ్షా మన ఇళ్లలో పెద్దవాళ్లకు తెలిసిందే. ఇక్కడివాటి వాసన ఘాటు, రంగు మాత్రం మామూలు బనఫ్షా కంటే పలచన అని ఆయన తేడా పట్టుకున్నాడు.

లోయలో పూల క్యాలెండర్

నౌరోజ్ రోజుల్లో లోయ చేరాక ఆయన చేసిన మొదటి పని, ఏ పువ్వు ఎప్పుడు ఎక్కడ పూస్తుందో వరుస కట్టడం. పూత ముందు కొండల బయట పల్లపు నేలల్లో వస్తుంది. కశ్మీర్‌లో నౌరోజ్ నాటికి మొదలవుతుంది. శ్రీనగర్ ఊరి తోటల్లో ఇంకో తొమ్మిది, పది రోజులు ఆలస్యం. బాదం, షఫ్తాలు చెట్లు ముందు పూస్తాయి. పూత చివరికొచ్చే సరికి నీలి మల్లె అందుకుంటుంది. నేటి వృక్ష శాస్త్రవేత్తలు కూడా ఇలాగే తేదీలు రాసుకుంటారు. ఎత్తు పెరిగేకొద్దీ చలి ఎక్కువ కాబట్టి, ఒకే పువ్వు కింద ముందు, పైన తర్వాత పూస్తుంది. కింద వసంతం అయిపోతే కొంచెం పైకెక్కితే చాలు, మళ్లీ వసంతమే. జహంగీర్ చేసింది అదే.

ఊళ్లో ఆయన్ను బాగా ఆకట్టుకున్నవి ఇళ్ల పైకప్పులు. కశ్మీరీలు చెక్క ఇళ్ల మీద మట్టి పరిచి, అందులో లాలా దుంపలు నాటేవారు. ఏటా వసంతంలో అవే లేచి పూసేవి. ఈ ఆచారం ఇంకెక్కడా చూడలేదని ఆయన రాశాడు. ఆ ఏడాది జామా మస్జిదు పైకప్పు మీద కూడా తులిప్‌లు విరగబూశాయి. లోపల సఫులు కట్టి నమాజు చదువుతున్నారు, పైన కప్పంతా పూలు. ఊహించుకుంటేనే ఎంత బాగుంటుంది!

గులాబీ, నర్గిస్, బనఫ్షా ఎవరూ నాటకుండానే తమంతట తాము మొలుస్తున్నాయని, రకాలు లెక్కకు అందడం లేదని చెప్పుకున్నాడు. ఉస్తాద్ మన్సూర్ ఒక్కడే అక్కడ నూరుకు పైగా పూల బొమ్మలు వేశాడు. కింద పూలు తగ్గాక పాదుషా గుర్రమెక్కి కూరీమర్గ్ అనే ఎత్తైన పచ్చికబయలుకు వెళ్లాడు. అక్కడ కంటికి ఆనినంత మేర రంగులే. ఆయన ముందే 50 రకాలు కోసి చూపించారు. అక్కడితో అయిపోలేదు, తన కంట పడనివి ఇంకా ఉండి ఉంటాయి అని కూడా చేర్చాడు. ప్రపంచాన్ని పట్టుకున్నవాడు అని అర్థం వచ్చే పేరు పెట్టుకున్న పాదుషా, ఒక పచ్చికబయలు ముందు తన లెక్క పూర్తి కాలేదని ఒప్పుకున్నాడు.

ఊపిరి అందని రోజులు

శరదృతువులో పాంపోర్ కుంకుమపువ్వు పొలాలకు వెళ్లాడు. ఆ ఘాటు వాసనకు వెంట వచ్చినవాళ్లతో పాటు ఆయనకూ తలనొప్పి పట్టుకుంది. మీకూ ఇలాగే నొప్పి వస్తుందా అని పూలు కోసే కశ్మీరీ కూలీలను అడిగాడు. వాళ్లకు అసలు తలనొప్పంటే ఏమిటో తెలిసినట్టే లేదని తేలింది.

ఆ శరత్తులోనే, దసరా రోజుల్లో, ఆయనకు మొదటిసారి ఊపిరి అందకపోవడం మొదలైంది. ఆ జబ్బు మళ్లీ వదల్లేదు. 1622లో ఇష్టమైన కొడుకు ఖుర్రం, తర్వాతి షాజహాన్, తిరగబడ్డాడు. అంతకు కొద్దికాలం ముందే ఖుర్రం పహరాలో ఉన్న ఖుస్రూ దక్కన్‌లోని బుర్హాన్‌పూర్‌లో చనిపోయాడు. అదే ఏడాది జహంగీర్ చేతికి కలం పట్టే శక్తి కూడా తగ్గింది. పుస్తకం రాసే పని ముతమద్ ఖాన్‌కు అప్పగించాడు. మంచువానలో గుడారం ఇచ్చింది ఈయనే. పాలన బరువు చాలావరకు నూర్జహాన్ బేగం మీద పడింది.

కశ్మీర్ చల్లగాలికి ఊపిరి తేలికవుతుందని ఆయన మళ్లీ మళ్లీ ఆ లోయకు వెళ్లాడు. 1627లోనూ వెళ్లాడు. ఈసారి చల్లగాలి పని చేయలేదు. లాహోర్‌కు తిరిగొస్తూ కొండలు దిగేచోట, భీంబర్ దగ్గర, హిజ్రీ 1037 సఫర్ నెలలో కన్నుమూశాడు. వయసు 58.

ఏం మిగిలింది?

మన్సూర్ వేసిన ఆ నూరుకు పైగా పూల బొమ్మల్లో ఈరోజు మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. అందరికీ తెలిసినది ఎర్ర తులిప్‌ల బొమ్మ. అది అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీలోని మౌలానా ఆజాద్ లైబ్రరీలో ఉంది. ఒక మొక్క మీద మొగ్గ, విచ్చిన పువ్వు, పక్కన ఆకులు కనిపిస్తాయి. నాలుగొందల ఏళ్లు దాటినా ఆ ఎరుపు వెలవెలబోలేదు.

కాగితాలు పోయినా పూలు వేరే దారిలో బతికాయి. 1620 తర్వాత మొగల్ కళలో పూలమొక్క ప్రధానమైంది. పుస్తకాల అంచుల్లోకి, శాలువాల్లోకి, తివాచీల్లోకి, పాలరాతిలోకి పాకింది. తాజ్‌మహల్ గోడల మీద విడివిడిగా నిలబడ్డ పూలమొక్కలు ఆ వరసలోవే. మన జహీరాబాద్‌కు దగ్గర్లోనే ఉన్న బీదర్‌లో తయారైన పాత బిద్రి హుక్కాల మీద వెండితో పొదిగిన పూలమొక్కల్లోనూ ఆ మొగల్ ముద్ర కనిపిస్తుంది. లాహోర్ శివార్లలోని షాహ్‌దరాలో జహంగీర్ సమాధి ఉంది. తెల్ల పాలరాయి మీద అల్లాహ్ 99 నామాలు, వాటితో పాటు రంగురాళ్లతో పొదిగిన తులిప్ పూలు.

ఇప్పుడు మార్చి, ఏప్రిల్ వచ్చిందంటే హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి ఎన్నో కుటుంబాలు శ్రీనగర్‌కు వెళ్తున్నాయి. 2007లో తెరిచిన తులిప్ గార్డెన్ ముందు ఫోటోలు దిగుతున్నాయి. అక్కడి పూలు అందమైనవే, కాకపోతే చాలావరకు హాలెండ్ దుంపల నుంచి వచ్చినవి. జహంగీర్ చూసిన లాలా వేరు. అది చిన్నది, వరసల్లో ఉండదు, టికెట్టు అక్కర్లేదు. పిల్లలను తీసుకుని వెళ్లినవాళ్లు ఒక పూట బాదం తోటల గట్ల మీద, పొలాల అంచుల్లో నడవండి. ఎవరూ నాటని పువ్వు ఒకటి కనిపిస్తే ఆగి, ఎన్ని రెక్కలో, ఏం రంగో పిల్లల చేత లెక్కపెట్టించండి. ఆయన చూడకుండా వదిలేసినవి అక్కడ ఇంకా పూస్తూనే ఉన్నాయి.