కొంచెంతో ఆగలేని పండితుడు

ఇంగ్లిషు భాషకు 1755లో మహా నిఘంటువును అందించిన శామ్యూల్ జాన్సన్ గొప్ప పండితుడే కాదు, దైవభయం గల విశ్వాసి. నలభై వేలకు పైగా మాటలకు అర్థం తేల్చిన ఆ మేధావి భోజనపు బల్ల ముందు కూర్చుంటే మాత్రం వేరే మనిషి అయిపోయేవాడు. ఆకలి తీరేదాకా తలెత్తి ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు, ఎవరి మాటా వినేవాడు కాదు. నుదుటి నరాలు ఉబ్బి, చెమటలు పట్టేవని ఆయన జీవితచరిత్ర రాసిన మిత్రుడు బాస్వెల్ దాచకుండా చెప్పాడు.

1709లో లిచ్‌ఫీల్డ్ అనే ఊళ్లో ఓ పుస్తకాల వ్యాపారి ఇంట పుట్టాడు జాన్సన్. పసితనంలోనే గండమాల వ్యాధి సోకింది, చూపు మందగించింది. ఆక్స్‌ఫర్డ్‌లో చేరినా డబ్బులేక పదమూడు నెలలకే చదువు మానుకోవాల్సి వచ్చింది. లండన్ చేరాక కూడా దరిద్రమే. చిరిగిన బట్టలతో అతిథుల ముందుకు రాలేక, తన ప్రచురణకర్త ఇంట్లో తెర వెనక కూర్చుని భోంచేసిన రోజు కూడా ఉంది. అన్నం విలువ తెలిసినవాడు గనుక అలా తినేవాడని కొందరంటారు. అది సగమే నిజమని నా అభిప్రాయం. ఎందుకంటే రెండేసి రోజులు ఏమీ తినకుండా ఉండటం ఆయనకు కష్టమే కాదు! ఆయనకు కష్టమల్లా, మొదలుపెట్టాక మధ్యలో ఆపడం.

ఈ సంగతి ఆయన దేవుని సన్నిధిలో తనంతట తానే కనిపెట్టాడు. ఏటా ఈస్టరుకు ప్రభురాత్రి భోజనంలో చేరేముందు తనను తాను పరీక్షించుకుని, బలహీనతలను కాగితం మీద పెట్టడం ఆయనకు అలవాటు. 1764లో అలా రాసుకుంటూ, మద్యం కాస్త తగ్గించినా తన ఆకలిదప్పులే తన వివేకాన్ని ఏలుతున్నాయని ఒప్పుకున్నాడు. లోకం చేతులెత్తి మొక్కే పండితుడు ఒంటరిగా రాసుకున్న మాట అది! ఆ తర్వాత కొన్నేళ్లకు ద్రాక్షారసాన్ని పూర్తిగా పక్కన పెట్టేశాడు. ఓ విందులో రచయిత్రి హన్నా మోర్ కొంచెమైనా తీసుకొమ్మంటే, కొంచెం తాగడం తనవల్ల కాదనీ అందుకే అసలు ముట్టననీ, మితంగా ఉండటం ఎంత కష్టమో పూర్తిగా మానడం తనకంత తేలికనీ చెప్పాడు. అభ్యంతరపరిచే అవయవాన్ని తీసి పారవేయమన్న ప్రభువు ఆజ్ఞ కఠినంగా తోస్తుంది కానీ, జాన్సన్ లాంటివారికి అదే సులువైన దారి.

అయితే ద్రాక్షారసం వెళ్లిన తోవలో మరొకటి వచ్చింది. చాక్లెట్ పానీయంలో మీగడ, ఒక్కోసారి కరిగించిన వెన్న కూడా పోసుకుని తాగేవాడని, ఉదయం పలహారానికి ముందే ఏడెనిమిది పెద్ద పీచ్ పండ్లు తినేవాడని, ఏళ్ల తరబడి ఆతిథ్యమిచ్చిన శ్రీమతి థ్రేల్ రాసింది. ఎండుద్రాక్ష, చక్కెర వేసిన దూడమాంసం పై అంటే ప్రాణం. ఇక టీ సంగతి చెప్పనక్కర్లేదు. టీ హానికరమంటూ హాన్‌వే అనే పెద్దమనిషి పుస్తకం రాస్తే, 1757లో దాన్ని విమర్శిస్తూ తాను సిగ్గులేని టీ ప్రియుణ్ణని ప్రకటించుకున్నాడు. ద్రాక్షారసాన్ని మానినట్టు తిండిని మానలేం కదా! చిక్కంతా అక్కడే.

మన ఇళ్లలోనూ ఒకరు ఒక్క అరిసె తిని డబ్బా మూతపెడతారు, మరొకరికి అడుగు కనబడితే తప్ప చెయ్యి ఆగదు. ఆ రెండోవారు తమను లొంగదీసే పదార్థమేదో గుర్తించి వద్దంటే, సంఘ విందుల్లో మర్యాద పేరిట బలవంతంగా వడ్డించడం ప్రేమ కాదు. కానీ ఒక జాగ్రత్త. అదుపు తప్పి తినడాన్ని 2013లో అమెరికా మనోవైద్యుల సంఘం ప్రత్యేక రుగ్మతగా గుర్తించింది. కడుపు మాడ్చుకుంటే ఆ ఉధృతి మరింత పెరుగుతుందని వైద్యులు చెబుతారు. కాబట్టి జాన్సన్‌లా రెండ్రోజులు పస్తుండి మూడోనాడు విరుచుకుపడటం మనకు ఆదర్శం కాదు. వేళకు తింటూ, లొంగదీసేదాన్ని మాత్రమే వదలాలి. అయినా అదుపు దక్కకపోతే వైద్యుణ్ణి కలవడం అవిశ్వాసం కాదు.

జాన్సన్‌కూ జయం ఒక్కసారిగా రాలేదు. 1781లో మళ్లీ ద్రాక్షారసం పుచ్చుకున్నాడు, అదీ పెద్ద గ్లాసు నింపుకుని గటగటా! తర్వాతి ఈస్టర్లకు మళ్లీ ప్రార్థనలే, మళ్లీ తీర్మానాలే. 1783లో పక్షవాతం తాకింది, ఆపైన ఒళ్లు నీరుపట్టింది. 1784 డిసెంబరులో, ఇక బతికే ఆశ ఉందా అని వైద్యుడు బ్రాకిల్స్‌బీని సూటిగా అడిగాడు. అద్భుతం జరిగితే తప్ప లేదన్నాడాయన. అది విన్న జాన్సన్, నొప్పి తగ్గించే నల్లమందు కూడా ఇక వద్దన్నాడు. తెలివి మసకబారకుండా తన ఆత్మను దేవునికి అప్పగించాలని ఆయన ప్రార్థన. ఆ చివరి రోజుల్లో అతి తేలికైన ఆహారమే, అదీ కొంచెమే తీసుకున్నాడు. డిసెంబరు 13న ప్రశాంతంగా కన్నుమూశాడు.