చేతికర్ర నుండి ఆరు చుక్కల దాకా: లూయీ బ్రెయిలీ

లూయీ బ్రెయిలీ అనగానే ఆరు చుక్కల లిపి గుర్తుకొస్తుంది. ఆ లిపికి ముందు ఆయనను నడిపించిన చేతికర్ర సంగతి చాలామందికి తెలియదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

లూయీ 1809 జనవరి 4న ఫ్రాన్సులో, పారిస్‌కు సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని కూవ్రే అనే పల్లెలో పుట్టాడు. తండ్రి తోలుపని చేసేవాడు. గుర్రాల జీనులు కుట్టి సంసారం నడిపేవాడు. మూడేళ్ళ వయసులో లూయీ ఆ పనిముట్లతో ఆడుకుంటుండగా, తోలుకు బెజ్జం వేసే ఆరె కంట్లో గుచ్చుకుంది. ఆ జబ్బు రెండో కంటికీ పాకింది. అయిదేళ్ళకల్లా చూపు పూర్తిగా పోయింది.

ఆ కాలంలో చూపులేని పేదపిల్లలకు చాలావరకు బిచ్చమే గతి. ఈ తండ్రి మాత్రం బిడ్డను మూల కూర్చోబెట్టలేదు. కర్ర చెక్కి చేతికిచ్చాడు. దాన్ని తాటిస్తూ లూయీ ఊరిదారులు నేర్చుకున్నాడు, బడికీ వెళ్ళాడు.

1819లో, పదేళ్ళ వయసులో, పారిస్‌లోని అంధ బాలల విద్యాలయంలో చేరాడు. మనలాగే హాస్టల్లో ఉండి చదివాడు. చెమ్మ పట్టిన పాత భవనం అది. 1821లో బార్బియే అనే సైనికాధికారి పన్నెండు చుక్కల రాత పద్ధతిని అక్కడికి తెచ్చాడు. అన్ని చుక్కలు ఒక్క వేలికొనకు అందేవి కావు. లూయీ వాటిని ఆరుకు కుదించి, 1824లో పదిహేనేళ్ళకే తన లిపిని తయారుచేశాడు. 1829లో అచ్చు వేయించాడు. అదే విద్యాలయంలో ఉపాధ్యాయుడయ్యాడు. ఒక దశలో అక్కడే ఆ లిపిని పక్కనపెడితే, పిల్లలు చాటుగా రాసుకున్నారు. 1852 జనవరి 6న క్షయవ్యాధితో, 43వ ఏట కన్నుమూశాడు. విద్యాలయం ఆ లిపిని అధికారికంగా ఒప్పుకున్నది 1854లో. మన తెలుగుకు కూడా వర్తించే భారతి బ్రెయిలీ 1951లో వచ్చింది.

ఇక చేతికర్ర కథ. 1921లో ఇంగ్లండులో చూపు కోల్పోయిన జేమ్స్ బిగ్స్, వాహనాలవారికి కనబడాలని తన కర్రకు తెల్లరంగు వేసుకున్నాడు. కర్ర నేలమీది అడ్డంకినే చెబుతుంది. తలకు తగిలే కొమ్మను చెప్పలేదు. ఆ లోటు తీర్చడానికే ఢిల్లీ ఐఐటీ వారు 2014లో స్మార్ట్‌కేన్ తెచ్చారు. గబ్బిలంలా అది చెవికి వినబడని ధ్వనిని పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి మూడు మీటర్లలోపు అడ్డును చేతికి అదురుతో తెలుపుతుంది. అప్పట్లో ధర సుమారు 3,000 రూపాయలు. కూలి ఇంటికి అదీ బరువే.

పరికరం ఎంత చవకగా దొరికినా దారి సరిగా లేకపోతే లాభం లేదు. తిరుపతి, చిత్తూరు వీధుల్లో ఫుట్‌పాత్ మీద బండి నిలిపినా, అంగడి రేకు ముందుకు దింపినా, కాలువ మూత తెరిచి వదిలినా చూపులేని మనిషి నడక అక్కడే ఆగిపోతుంది. దీనికి పెద్ద పరిశోధన అక్కరలేదు. హాస్టల్ వరండాలో సైకిళ్ళు, బకెట్లు అడ్డం పెట్టకుండా ఉండటం మన చేతిలోని పనే. చూపులేని మిత్రుణ్ణి చెయ్యి పట్టి లాగకుండా, అడిగి మన మోచేయి అందించటమూ అంతే.

మా తల్లిదండ్రులలో చెప్పులు కుట్టినవారున్నారు, కూలికి పోయినవారున్నారు. చదువు దారి వాళ్ళకు తెలియదు. అయినా మా చేతికి ఏదో ఒక కర్ర చెక్కి ఇచ్చి పంపారు. దానితో మనం ఒక్కరమే దారి దాటితే చాలదని లూయీ జీవితం మనకు నేర్పుతోంది.