పట్నం ఖర్చు, బాబాసాహెబ్ లెక్క



తాండూరు, వికారాబాద్ వాడల నుంచి ఎన్ని కుటుంబాలు పట్నం పోయినయో మీకు తెలుసు. కొందరు బండల పని దొరకక పోయారు, కొందరు పిల్లల చదువు కోసం పోయారు. ఊర్లో ఇల్లు ఎంత చిన్నదైనా సొంతం, నీళ్లకు పైసా లేదు. లింగంపల్లిలో దిగిన నెలకే కిరాయి, అడ్వాన్స్, కరెంటు బిల్లు, నీళ్ల క్యాను, గ్యాస్, ఆటో అన్నీ ఒక్కసారి మీద పడతాయి. కంది పండే తాండూరు మనిషి అక్కడ కందిపప్పును కిలోల లెక్కన కొనుక్కుంటాడు. 20వ తారీఖు రాకముందే జేబు ఖాళీ అవుతుంది. అప్పుడు ఆలుమగల మధ్య ఒక ప్రశ్న వస్తుంది. ఇక దేన్ని తగ్గించుకోవాలి?

ఈ ప్రశ్న మన ఇంటికి ఇప్పుడే కొత్తగా రాలేదు. గోడ మీది ఫోటోలో కోటు వేసుకుని, చేతిలో పుస్తకంతో కనిపించే బాబాసాహెబ్ కూడా చాలీచాలని డబ్బుతో ఊరు నుంచి ఊరికి, దేశం నుంచి దేశానికి వలస పోయినవాడే. ఆయన జీవితాన్ని ఈసారి ఖర్చుల లెక్క నుంచి చూద్దాం.

ఒక్క గదిలో సంసారం

భీమ్‌రావు 1891 ఏప్రిల్ 14న మౌలో పుట్టాడు. తండ్రి రామ్‌జీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. రిటైరయ్యాక దాపోలీ, సతారా తిరిగి, 1904 ప్రాంతంలో కుటుంబంతో బొంబాయి చేరాడు. తాండూరు మీదుగా పోయే రైలు పట్టా వాడి దాటి చేరేది ఆ బొంబాయికే. కొడంగల్ దిక్కు నుంచి బతుకుదెరువుకు పోయినోళ్లను అడగండి, అక్కడి చాళ్ల సంగతి చెబుతారు. సుబేదారు కుటుంబం దిగింది కూడా అట్లాంటి చాల్‌లోనే. మిల్లు కార్మికులుండే పరేల్‌లో ఒకే ఒక్క గది. వంట అందులోనే, సామాను అందులోనే, పడక అందులోనే. పొగ నిండిన ఆ గదిలో అందరూ ఒకేసారి పడుకునే జాగా లేదు.

తండ్రి ఏం చేశాడో చూడండి. సాయంత్రమే పిల్లవాణ్ణి పడుకోబెట్టి తాను మేలుకొని ఉండేవాడు. రాత్రి రెండు గంటలకు కొడుకును లేపి, ఆ జాగాలో తాను నడుం వాల్చేవాడు. పిల్లవాడు దీపం ముందు తెల్లారేదాకా చదువుకునేవాడు. పుస్తకం కావాలని కొడుకు అడిగితే, చేతిలో డబ్బు లేకపోతే పెండ్లయిన బిడ్డల దగ్గరికి పోయేవాడు. వాళ్ల దగ్గర కూడా పైసలు లేకపోతే నగ అడిగి కుదువబెట్టి పుస్తకం తెచ్చేవాడు. పెన్షన్ రాగానే ఆ నగ విడిపించి బిడ్డకు ఇచ్చేవాడు. భీమ్‌రావు ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో చదివి 1907లో మెట్రిక్ పాసయ్యాడు.

ఆ ఇంట్లో జాగాకు, నిద్రకు, సుఖానికి కొరత వచ్చింది గాని పుస్తకానికి రాలేదు. అప్పు కూడా చేశారు. కానీ ఆ అప్పు దేనికో, ఎప్పుడు తీరుస్తారో ఇంట్లో అందరికీ తెలుసు. మన దగ్గర బర్త్‌డే ఫంక్షన్‌కు, పెద్ద టీవీకి తెచ్చే గిరిగిరి ఫైనాన్స్ అప్పుకూ ఆ అప్పుకూ పోలిక లేదు.

న్యూయార్క్‌లో మిగిల్చిన డాలర్లు

బరోడా మహారాజు నెలకు 25 రూపాయలు ఇవ్వడంతో కాలేజీ చదువు సాగి, 1912లో బి.ఏ. అయింది. 1913 ఫిబ్రవరిలో తండ్రి కన్నుమూశాడు. అదే ఏడు జూలైలో భీమ్‌రావు కొలంబియా విశ్వవిద్యాలయంలో చదవడానికి న్యూయార్క్‌లో దిగాడు. బరోడా స్కాలర్‌షిప్ నెలకు పదకొండున్నర పౌండ్లు. దాంట్లోనే తిండి, గది, బట్టలు గడవాలి, బొంబాయిలో ఉన్న రమాబాయికీ పంపాలి.

మొదట్లో కొన్ని నెలలు కొత్త నగరం ఆయన్నూ ఆకర్షించింది. తొందరలోనే తేరుకుని, తిండిని పొద్దుకు ఒక్క భోజనానికి కుదించుకున్నాడు. సినిమాల జోలికి, మందు జోలికి పోలేదు. కానీ పాత పుస్తకాల దుకాణం కనిపిస్తే మాత్రం ఆగేవాడు. న్యూయార్క్ విడిచే నాటికి దాదాపు రెండు వేల పుస్తకాలు పోగయ్యాయి. నావల్ భతేనా అనే పార్సీ మిత్రుడు కూడా దొరికింది అక్కడే. ఈ పేరు గుర్తుంచుకోండి.

డబ్బుండీ గది దొరకలేదు

1916లో లండన్ చేరాడు. స్కాలర్‌షిప్ గడువు ముగియడంతో చదువు మధ్యలో ఆపి 1917లో తిరిగిరావాల్సి వచ్చింది. ఒప్పందం ప్రకారం బరోడాలో ఉద్యోగంలో చేరాడు. జీతముంది, అమెరికా చదువు ఉంది. కానీ ఆ నగరంలో అంటరానివాడికి కిరాయికి ఇచ్చే గది లేదు. చివరికి పార్సీ పేరు పెట్టుకుని, రోజుకు రూపాయిన్నర మీద ఒక పార్సీ సత్రంలో దిగాడు. పదకొండో రోజు పార్సీలు కర్రలు పట్టుకుని వచ్చి ఆ సాయంత్రానికల్లా ఖాళీ చేయమన్నారు. ఎక్కడా చోటు దొరకక, తోటలో చెట్టు కింద గంటల తరబడి కూర్చుని రాత్రి రైలుకు బొంబాయి తిరిగొచ్చాడు.

ఈ సంగతి మీకు ఎందుకు చెప్పాలి? టులెట్ బోర్డు చూసి పోతే, పేరు తర్వాత ఇంటిపేరు, దాని తర్వాత మీరేమిట్లు అనే ప్రశ్న మనకు ఎదురవుతుంది కాబట్టి. గది లేదంటే మనం దూరంగా పోతాం. బస్సు ఖర్చు, ఆటో ఖర్చు, ప్రయాణంలో పోయే పొద్దు అన్నీ పెరుగుతాయి. పట్నం ఖర్చులో కొంత భాగం కులం వేసిన పన్ను. అది మీ చేతగానితనం కాదు. దాన్ని మీ తప్పుగా లెక్కేసుకుని కుంగిపోకండి.

లండన్ ఆకలి

1918 నవంబర్‌లో సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్ అయ్యాడు. జీతం నెలకు 450 రూపాయలు. ఆ రోజుల్లో అది పెద్ద మొత్తం. అయినా పరేల్ చాల్ విడిచి పోలేదు. ఇంటి ఖర్చుకు కొంత రమాబాయి చేతికిచ్చి మిగతాది లండన్ కోసం దాచాడు. కొల్హాపూర్ షాహూ మహారాజు కొంత సాయం చేశాడు, నావల్ భతేనా ఐదు వేలు అప్పిచ్చాడు. 1920లో మళ్లీ లండన్.

అక్కడి బోర్డింగ్ ఇంట్లో పొద్దున ఒక రొట్టె ముక్క, కొద్దిగా చేప, ఒక కప్పు టీ. పొద్దంతా బ్రిటిష్ మ్యూజియం గ్రంథాలయంలోనే. మధ్యాహ్నం తిండి లేదు. బస్సు పైసలు మిగుల్చుకోవడానికి నడిచేవాడు. రాత్రి పదింటికి ఆకలి ఆగకపోతే, తెలిసినవాళ్లు ఇచ్చిన అప్పడాలు నాలుగు కాల్చుకుని తిని మళ్లీ చదువుకు కూర్చునేవాడు. 1923లో డి.ఎస్సీ. వచ్చింది. ఆ పరిశోధన దేని మీదో తెలుసా? రూపాయి మీద. ధరలు పెరిగినంత వేగంగా కూలి పెరగదని, రూపాయి విలువ పడిపోతే లాభం వ్యాపారికి, భారం కూలివాడికి పోతుందని ఆయన తర్వాత ప్రభుత్వ కమిషన్ ముందు కూడా చెప్పాడు.

రమాబాయి మోసిన బరువు

ఇక్కడితో ఆపితే మనం సగం లెక్కే చూసినట్టు. ఆ పొదుపు బరువు ఒక్కరు మోసింది కాదు. ఆయన లండన్‌లో పస్తులుంటే, పరేల్‌లో మాతా రమాబాయి కొద్దిపాటి డబ్బుతో ఇల్లు నడిపింది. ఐదుగురు పిల్లల్లో నలుగురు చిన్నతనంలోనే పోయారు. మిగిలింది ఒక్క యశ్వంత్. ఆమె కూడా 1935 మే 27న కన్నుమూసింది. పాకిస్తాన్ సమస్య మీద రాసిన పుస్తకాన్ని బాబాసాహెబ్ ఆమె స్మృతికే అంకితం చేశాడు.

అందుకే ఆ ఆకలిని గొప్పగా చెప్పుకుని, మన పిల్లల్నీ పస్తులుండమనడం తప్పు. ఇంట్లో డబ్బు చాలకపోతే ముందు తినడం మానేది ఆడవాళ్లే. రక్తం తగ్గినా చెప్పరు. పప్పు, గుడ్డు, పాలు కోసి మిగిల్చింది పొదుపు కాదు, రేపటి దవాఖాన బిల్లు.

ధమ్మం ఏం చెబుతుంది?

తథాగతుడు పేదరికాన్ని పొగడలేదు. తన చివరి గ్రంథంలో బాబాసాహెబ్ ఈ విషయాన్ని గట్టిగా చెప్పాడు. కోలియ దేశపు గృహస్థుడు దీఘజాణు, మా వంటి సంసారులకు దారి చెప్పమని అడిగితే బుద్ధుడు నాలుగు విషయాలు బోధించాడు. కష్టపడి నేర్పుతో సంపాదించడం, సంపాదించింది కాపాడుకోవడం, మంచివాళ్ల స్నేహం, రాబడికి తగ్గ సమజీవనం. సమజీవనమంటే మరీ దుబారా కాదు, మరీ కడుపు మాడ్చుకోవడమూ కాదు. త్రాసు ఎటూ ఒరగకుండా చూసుకోవడం.

సంపదను ఆయన చెరువుతో పోల్చాడు. నీళ్లొచ్చే దారులు మూసి, పోయే తూములు తెరిస్తే, వాన కూడా పడకపోతే చెరువు ఎండుతుంది. స్త్రీ వ్యసనం, తాగుడు, జూదం, చెడు సావాసం ఆ తూములని చెప్పాడు. నేడు ఫోన్‌లో ఆడే పందాలు కూడా ఆ జూదం తూమే. అనాథపిండికుడికి చెప్పిన నాలుగు సుఖాల్లో ఒకటి అప్పు లేని సుఖం. మిత్తి కట్టే ఇంట్లో ఆ సుఖం ఎంత పెద్దదో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

తాను పడ్డది ఇంకొకరు పడొద్దని

బాబాసాహెబ్ తన కష్టాన్ని కథగా చెప్పుకుని ఊరుకోలేదు. 1924లో బహిష్కృత హితకారిణి సభ పెట్టి, మరుసటి ఏడే షోలాపూర్‌లో విద్యార్థులకు హాస్టల్ తెరిపించాడు. వైస్రాయ్ కౌన్సిల్‌లో ఉన్న కాలంలో, 1944లో, ఎస్సీ విద్యార్థులకు ప్రభుత్వ స్కాలర్‌షిప్ మొదలైంది. నేటి పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ మూలం అదే. 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ తెరిచి, ఉద్యోగం చేసుకునేవాళ్ల కోసం పొద్దున పూటే క్లాసులు పెట్టించాడు. ఒక్కడి గదికి, ఒక్కడి పుస్తకానికి అయ్యే ఖర్చును సమాజం పంచుకోవాలన్నది ఆ పనుల వెనకున్న ఆలోచన. 1956 అక్టోబర్ 14న నాగ్‌పూర్‌లో లక్షల మందితో ధమ్మం స్వీకరించాడు. అదే ఏడు డిసెంబర్ 6న మహాపరినిర్వాణం చెందాడు.

కాబట్టి బంధువులారా, పట్నం పోయే ముందు పిల్లలకు హాస్టల్ సీటు, స్కాలర్‌షిప్ సంగతి కనుక్కోండి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఊర్లో ఉండగానే తీసుకోండి. నెల మొదట్లో ఆలుమగలిద్దరూ కూర్చుని లెక్క రాయండి. కిరాయి, తిండి, చదువు పక్కన పెట్టాకే మిగతావి. తగ్గించాల్సి వస్తే తూముల నుంచి మొదలుపెట్టండి, బడి ఫీజు నుంచి కాదు, తల్లి కంచం నుంచి అంతకన్నా కాదు. మీరు ముందే పోయి స్థిరపడినవాళ్లయితే, కొత్తగా దిగిన మన కుటుంబానికి గది చూపించండి, మిత్తి లేకుండా మొదటి నెల అడ్వాన్స్‌కు చేయి కలపండి. భతేనా ఆ రోజు ఐదు వేలు ఇవ్వకపోతే ఆ డి.ఎస్సీ. ఏమయ్యేదో ఆలోచించండి.

భవతు సబ్బ మంగళం. జై భీమ్!