మిగిలిన ముక్కల్లోంచి పుట్టిన గుర్రాలు



సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరకు వెళ్తే పిల్లల చూపు ముందు రంగులరాట్నం మీదే పడుతుంది. ఒకప్పుడు ఇలాంటి రాట్నాల మీది గుర్రాలను కట్టెతో, ఒక్కొక్కటిగా చేత్తో చెక్కేవారు. అమెరికాలో ఆ పనికి పేరు తెచ్చిన వారిలో ఒకరైన చార్లెస్ లూఫ్ జీవితాన్ని ఈ నెల పరిచయం చేస్తున్నాం.

లూఫ్ 1852లో, ఇప్పటి జర్మనీలోని బాడ్ బ్రామ్‌స్టెడ్ట్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి బండ్లు తయారు చేసేవారు, కమ్మరి కొలిమి కూడా నడిపేవారు. ఆయన పక్కనే ఉండి చూస్తూ చూస్తూ లూఫ్ కట్టె పని, ఇనుప పని నేర్చుకున్నారు. యుద్ధాల నుంచి, నిర్బంధ సైనిక సేవ నుంచి తప్పించుకోవడానికి 1870లో, 18 ఏళ్ల వయసులో, ఓడెక్కి న్యూయార్క్ చేరారు.

బ్రూక్లిన్‌లో ఒక ఫర్నిచర్ కార్ఖానాలో చెక్కే పని దొరికింది. అక్కడ మిగిలిపోయిన కట్టె ముక్కలను ఇంటికి తెచ్చుకుని గుర్రాలు, ఇతర జంతువులు చెక్కేవారు. వాటిని గుండ్రటి వేదిక మీద అమర్చి 1876లో కోనీ ఐలాండ్ సముద్రతీరంలో నిలబెట్టారు. అక్కడ మొట్టమొదటి రంగులరాట్నం అదే. తర్వాత సొంత కార్ఖానా పెట్టి, 1918లో కన్నుమూసేదాకా రాట్నాలు చేస్తూనే ఉన్నారు.

1909లో కూతురు ఎమ్మాకు పెళ్లి కానుకగా ఆయన ఇచ్చిన రాట్నం స్పోకేన్ నగరంలో ఉంది. దాని మీద 54 గుర్రాలు, ఒక జిరాఫీ, ఒక పులి ఉన్నాయి. 1968లో అది ఉన్న పార్కు మూతపడింది. అలాంటప్పుడు ఎన్నో రాట్నాల గుర్రాలను విడదీసి, ఒక్కొక్కటిగా అమ్మేశారు. స్పోకేన్ ప్రజలు అలా కానివ్వలేదు. కొన్నేళ్లు భద్రపరిచిన ఆ రాట్నం 1975లో నది ఒడ్డున రివర్‌ఫ్రంట్ పార్కులో మళ్లీ తిరిగింది. 2018లో దానికి కొత్త భవనం కూడా వచ్చింది.

పాత కట్టె గుర్రాన్ని బాగుచేయడం ఓపికతో కూడిన పని. ఏళ్ల తరబడి పూసిన రంగుల పొరలను తీస్తూ అసలు రంగేదో కనిపెట్టాలి. వదులైన అతుకులు బిగించాలి. విరిగిన చెవినో కాలినో పాత తీరులోనే మళ్లీ చెక్కాలి. చెక్కడం తెలిసిన చేతులు లేకపోతే, ఎంత డబ్బున్నా ఆ పని జరగదు.

లూఫ్‌కు ఆ విద్య తండ్రి పని దగ్గర నిలబడితే అబ్బింది. మన స్టేషన్ ఘన్‌పూర్‌లోనూ వడ్రంగులు, దర్జీలు, మెకానిక్‌లు ఉన్నారు. పరీక్షలు, హోంవర్క్ మధ్య వారి పని చూసే తీరిక పిల్లలకు దొరకడం లేదు. ఈ సెలవుల్లో ఒక పూటైనా పిల్లలను అలాంటి పని దగ్గర కూర్చోనివ్వండి. ఇంటికొచ్చి ఏదైనా చేస్తానంటే వారించకండి. మిగిలిన ముక్క ఏదైనా అడిగితే, చెత్త అనకుండా చేతికివ్వండి.